ట్రైలర్ దూలంలో ఉప్పుటేరు

ఓడ కడుపులోంచి ఇల్లంత ఇనుప పెట్టె ఒకటి గాల్లోకి లేచి, కాసేపు ఆకాశంలో ఆగి, మెల్లగా దిగి వచ్చి నా బండి మీద కూర్చుంటుంటే చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరించేది. ఇరవై ఆరేళ్లు బండి తోలాను, అందులో పదిహేడేళ్లు సొంత బండి. చివరి రోజు కూడా అదే జలదరింపు. మోకాళ్లు మొరాయించి స్టీరింగు వదిలేశాను గానీ ఆ ఆశ్చర్యం మాత్రం నన్ను వదల్లేదు.

ఇప్పుడు మా ముత్తుకూరు చుట్టుపక్కల డ్రైవర్లు సొంతంగా బండి కొనాలనుకుంటే ముందు నా దగ్గరికి వస్తున్నారు. "పెంచలయ్య మామా, ఏ ట్రైలర్ కొనమంటావు? ఏ కంపెనీలో పెట్టమంటావు?" అందరివీ ఈ రెండు ప్రశ్నలే. చెప్పిందే చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అందుకే రాసి పెడుతున్నాను. పర్మిట్లు, ఫిట్‌నెస్ కాగితాల సంగతులు ఇందులో వెతక్కండి. అవి చెప్పేవాళ్లు ఆర్టీవో ఆఫీసు ముందు కుర్చీలు వేసుకుని మరీ కూర్చుని ఉంటారు.

ట్రైలర్ సంగతి

బండి అంటే అందరూ ఇంజనే చూస్తారు. ఎన్ని గుర్రాల బలం, ఏసీ ఉందా, సీటు మెత్తగా ఉందా అని. ఇంజను లాగుతుంది, అంతే. మోసేది వెనకాల ఉన్న ట్రైలర్. మీ బతుకు దాని మీదే ఉంటుంది.

ఏ ట్రైలర్ కొనాలో తెలియాలంటే షోరూముకి పోకండి. వారం రోజులు కృష్ణపట్నం పోర్టు గేటు దగ్గర టీ బంకులో కూర్చోండి. లోపల్నుంచి ఏం బయటికొస్తోంది, లోపలికి ఏం పోతోంది చూడండి. బొగ్గు పోతుంటే టిప్పరు ట్రైలర్, బియ్యం బస్తాలూ ఇనుప చుట్టలూ పోతుంటే చదును ట్రైలర్. కంటైనర్ పెట్టెలు మాత్రమే మోసే అస్థిపంజరం లాంటి ట్రైలర్ ఒకటుంది. చవగ్గా వస్తుంది, తేలిగ్గా ఉంటుంది. పెట్టెలు రాని నెలలో దాని మీద గడ్డి మోపు కూడా వేయలేరు. ఒకటే పని తెలిసిన ట్రైలర్ కొనేముందు పది సార్లు ఆలోచించండి.

నేను మాత్రం ఈ సలహా ఏదీ పాటించలేదు. చదును ట్రైలర్‌తో నిమ్మళంగా బతుకుతున్నవాణ్ణి, ఒకరోజు పవర్ ప్లాంటుకి పోతున్న బాయిలర్ ముక్కను చూశాను. లోబెడ్ ట్రైలర్ మీద, అంటే నేలకి దగ్గరగా పడుకున్నట్టుండే ట్రైలర్ మీద, మనిషి నడకంత నిదానంగా పోతోంది. దాని కింద చక్రాలు ఎన్నున్నాయో లెక్కపెడుతూ వెంట నడిచి, లెక్క తప్పి, మళ్లీ మొదలుపెట్టి, అట్లా ప్లాంటు గేటు దాకా పోయాను. అన్నం సంగతే గుర్తులేదు. మనుషులు ఇంత బరువును కూడా కదిలిస్తారా అని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఏడాదే చదును ట్రైలర్ అమ్మేసి, పాత లోబెడ్ ఒకటి కొన్నాను. మనసు పడి కొన్నాను. మనసు పడి పెళ్లి చేసుకోవచ్చు గానీ ట్రైలర్ కొనకూడదు. నా అదృష్టం బాగుండి రెండూ నిలబడ్డాయి, అంతే.

నేను చేసిన తప్పు

మాది చేపలు పట్టే కుటుంబం. ఉప్పుటేటి ఒడ్డున ఊరు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పడవ మీదే. మా నాయనకి ఒక పట్టుదల ఉండేది. పడవలో ఎక్కడైనా చిల్లి కనిపిస్తే, అది మూసేదాకా అన్నం ముట్టేవాడు కాదు. మేమూ ముట్టకూడదు. వేట నుంచి రాగానే పడవను ఏటి నీళ్లతో కడిగి, తుడిచి, దండం పెట్టి ఇంటికి రావాలి.

లోబెడ్ కొన్న మొదటి ఆదివారం దాన్ని ఏటి ఒడ్డుకు తీసుకుపోయాను. చెప్పులు విడిచి ఎక్కాను. బక్కెట్లతో నీళ్లు పోసి, కొబ్బరి పీచుతో రుద్ది కడిగాను. తర్వాత కిందికి దూరి చూశాను. ట్రైలర్‌కి వెన్నెముక లాంటివి రెండు పెద్ద దూలాలుంటాయి. నా ట్రైలర్‌లో అవి లోపల బోలుగా ఉండే ఇనుప పెట్టెల్లాంటివి. ఆ దూలాల అడుగున వరసగా చిల్లులు! వేలు పట్టేంత చిల్లులు. అమ్మినవాడు నన్ను మోసం చేశాడని బండ బూతులు తిట్టుకున్నాను. ఆ పూట అన్నం తినలేదు. గుడ్డ పేలికలు కూరి, తారు కాచి పోసి, అన్ని చిల్లులూ మూసేశాను. పైన నల్ల పెయింటు వేశాను. అప్పుడు గానీ నా మనసు కుదుటపడలేదు.

ఆ చిల్లులు నీళ్లు కారిపోవడానికి పెట్టినవని నాకెవరు చెబుతారు? పడవలోకి నీళ్లు రాకూడదు, కాబట్టి చిల్లి శత్రువు. ట్రైలర్ దూలంలోకి ఎటూ నీళ్లు వస్తాయి, కాబట్టి చిల్లే దానికి ప్రాణం. ఎడమ దూలం మీద వెనక లైట్ల వైరు దిగే కంత ఒకటుంది. నేను పోసిన ప్రతి బక్కెట్టులో కొంత ఆ కంతలోంచి లోపలికి దిగింది. దిగింది దిగినట్టే ఉండిపోయింది. నాలుగేళ్లు, ప్రతి ఆదివారం, చెప్పులు విడిచి మరీ ఆ పని చేశాను.

కంపెనీ సంగతి

సొంత బండి ఉన్నా లోడు మనకు ఊరికే రాదు. ఏదో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీ కింద బండి పెట్టాలి. కుర్రాళ్లు రేటు అడుగుతారు, డీజిలుకు ముందే ఇస్తారా అని అడుగుతారు. అడగండి, తప్పులేదు. కానీ నా అనుభవంలో అసలు చూడాల్సింది వేరే ఉంది. మీరు "ఈ లోడు నేను ఎత్తను" అన్న రోజున ఆ ఆఫీసులో ఏం జరుగుతుంది? అది కనుక్కోండి.

నా మొదటి కంపెనీలో ఒక సూపర్‌వైజర్ ఉండేవాడు. మంచి మనిషే, పండక్కి స్వీట్లు పంచేవాడు. ఆయన దగ్గర ఏం చెప్పినా ఒకటే జవాబు. "సార్, టైరు ఉబ్బింది." "పోతాదిలే." "సార్, చక్రాల మీది కమాన్ కట్ట విరిగింది." "పోతాదిలే పెంచలయ్యా, నిదానంగా పో." నిజంగానే పోయేది. అదే నా చేటు. పోయిన ప్రతిసారీ నాకూ ఆ మాట అలవాటైంది. ఆఖరికి ఆయన అనక్కరలేకుండా నేనే అనుకోవడం మొదలుపెట్టాను.

రెండో కంపెనీ రాజ్యలక్ష్మి మేడం గారిది. ముత్తుకూరు రోడ్డులో రెండు గదుల ఆఫీసు. పెద్ద లోడు ఏదైనా సరే, ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. నెల్లూరు నుంచి రమణాచారి గారు రావాలి. డెబ్బై దాటిన మనిషి, ట్రైలర్లు కట్టడంలో జీవితమంతా అరగదీసినవాడు. చేతిలో చిన్న సుత్తి. బండి చుట్టూ తిరుగుతూ దూలాల మీద టంగు టంగున కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఆయన తల ఊపితేనే లోడు. పక్క కంపెనీల వాళ్లు దీన్ని చూసి నవ్వేవాళ్లు. "బండికి జ్వరం చూస్తుండారు" అనేవాళ్లు. నేనూ నవ్వాను. మేడం దగ్గర రెండేళ్లు చిన్న లోడ్లే తోలాను. ఆ రెండేళ్లూ నా ట్రైలర్‌కి ఆచారి గారి సుత్తి అవసరం పడలేదు.

సుత్తి చెప్పిన మాట

ప్లాంటుకి ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఓడలో వచ్చింది. మేడం నన్ను పిలిచి, "నువ్వు తోలుతావా?" అన్నారు. ఆ మాట కోసమే నేను లోబెడ్ కొన్నది. ఇంటికి పోయి చెప్పేసరికి ఊరంతా పాకింది. పోర్టు నుంచి ప్లాంటుకి పోయే దారి మా ఊరి మధ్యలోంచే మరి. మనోడు తెస్తుండాడంట అని అందరూ ఒకటే సంబరం.

ఆ ఉదయం పోర్టు యార్డులో ఆచారి గారు వచ్చి కుడి దూలం కొట్టారు. గుడి గంటలా మోగింది. ఎడమ దూలం కొట్టారు. మళ్లీ కొట్టారు. నాలుగడుగులు వెనక్కి పోయి, వంగి, కింది అంచున కొట్టారు. ఆయన మొహం మారింది.

"అబ్బయ్యా, ఇందులో నీళ్లుండాయి."

నేను నవ్వాను. "ఇనుములో నీళ్లేంది స్వామీ?"

ఆయన సుద్దముక్క తీసి దూలం మీద అడ్డంగా ఒక గీత గీశారు. "ఇక్కడి దాకా ఉండాయి" అన్నారు. కిందికి దూరి, నా తారు బిరడా ఒకటి వెతికి పట్టుకుని ఉలితో కొట్టారు. పెటిల్లున ఊడింది. నీళ్లు బయటికి దూకాయి. ఎర్రగా, తుప్పు వాసనతో, ఆగకుండా అలా వస్తూనే ఉన్నాయి. అవి ఆగాక ఆయన ఆ చిల్లిలోంచి బోలు దూలం లోపలి గోడ వెంట పుల్ల పెట్టి తడి ఎంత ఎత్తున అంటిందో చూపించారు. సరిగ్గా సుద్ద గీత దగ్గరికి వచ్చింది. మూసిన ఇనుము లోపల నీళ్లు ఎంతున్నాయో సుత్తి దెబ్బలతో చెప్పిన మనిషిని నేను అప్పటికీ ఇప్పటికీ ఆయన్నొక్కణ్ణే చూశాను. మామూలుగా అయితే కాళ్ల మీద పడేవాణ్ణి. ఆ నిమిషంలో ఆ ఎర్ర నీళ్ల వైపు వంగాను.

వేలు తడిపి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు. మా ఏటి నీళ్లే.

"పోతాదా స్వామీ?" అన్నాను. నా నోట్లోంచి వచ్చింది ఆ పాత సూపర్‌వైజర్ మాటే.

"పోతాదేమో. లోపల రేకు ఎంత మిగిలిందో కోస్తే గానీ తెలవదు. ఇప్పుడు కోసే టైము లేదు."

"మేడంకి మీరు చెప్తారా?"

"బండి నీది అబ్బయ్యా. నువ్వే చెప్పు" అని ఆయన టీ తాగడానికి పోయారు.

అక్కడ ఒక్కణ్ణే మిగిలాను. అబద్ధం ఎందుకు, ఆ బిరడా స్థానంలో ఒక బోల్టు కొట్టేద్దామనిపించింది. దారి చూస్తే ఎంతో దూరం లేదు. నాలుగేళ్లు మోసిన ట్రైలర్ ఇంకొక్క పూట మోయదా? ఓడ రేవులో ఉంది. దారిలో కరెంటు తీగలు ఎత్తిపట్టడానికి మనుషులొచ్చారు. పోలీసులొచ్చారు. ప్లాంటులో కొబ్బరికాయలు పెట్టుకుని కూర్చున్నారు. ఇంతమందికి నేను పోయి ఏం చెప్పాలి, దూలంలో నీళ్లు పోసి మూతపెట్టానని చెప్పాలా? అంతటితో నన్ను తీసేస్తారు. నాకున్నది ఆ ఒక్క ట్రైలరే. అది పోతే మళ్లీ వేరేవాళ్ల బండి మీద జీతానికి పోవాల్సిందే.

జేబులో ఫోను మోగింది. మా ఇంటామె కోటమ్మ.

"ఏ టయానికి వస్తావయ్యా? ఊరంతా రోడ్డు మీదికే వచ్చేసినారు. పిన్నమ్మ హారతి పళ్లెం పట్టుకోనుండాది. మలుపుకాడ నిలబడమంటావా, ముందుకి రమ్మంటావా?"

మలుపు దగ్గర మా రోడ్డు ఎంత ఇరుకో నాకు తెలుసు. అక్కడ నిలబడితే చెయ్యి చాపి బండిని తాకొచ్చు. తాకి కళ్లకద్దుకుంటారు కూడా, పెద్ద బండి ఏది పోయినా మావాళ్లు అంతే. "మళ్లీ చేస్తా" అని ఫోను పెట్టేసి, ఓడ వైపు పరిగెత్తాను.

ఓడ ఆగింది

నేను పోయేసరికి ట్రాన్స్‌ఫార్మర్ అప్పటికే ఓడ లోపల్నుంచి లేచింది. గాల్లో ఉంది. మేడం తెల్ల హెల్మెట్ పెట్టుకుని కింద నిలబడి ఉన్నారు. పక్కన ఓడ ఆఫీసరు, ప్లాంటు ఇంజనీరు. ఆయాసపడుతూ మొత్తం చెప్పేశాను. చిల్లులు మూసిన సంగతి కూడా దాచలేదు.

ఆమె ఒక్కటే అడిగారు. "నీకు నమ్మకం లేదా?"

"లేదు మేడం."

ప్లాంటు ఇంజనీరు మండిపడ్డాడు. "ఇంత ఏర్పాటు చేసి, ఇప్పుడు లారీ డ్రైవర్ ఏదో అన్నాడని ఆపేస్తారా?"

"బండి తోలేది అతనండీ. అతను వద్దంటుండాడు. వద్దు" అన్నారు ఆమె. గొంతు పెంచలేదు. ఓడ ఆఫీసరుతో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడారు. ఆయన పైకి చూసి చేతులు రెండూ అడ్డంగా పెట్టాడు.

క్రేను ఆగింది.

ఆ ఇనుప కొండ నా తలపైన, ఎండకి అడ్డంగా, కదలకుండా నిలిచిపోయింది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి, వచ్చిన దారినే మళ్లీ ఓడ కడుపులోకి దిగిపోయింది. దేశాలు దాటి వచ్చిన ఓడ అది. నాలాంటి పెంచలయ్య ఒకడు వద్దన్నందుకు ఆగింది. నా జీవితంలో చూసిన వాటన్నిటిలో ఇంతకంటే పెద్ద ఆశ్చర్యం నాకు లేదు. బరువుల్ని ఎత్తే యంత్రాలు ఎన్నో చూశాను. ఒక మనిషి మాటకి అంత బరువునిచ్చే మనిషిని మాత్రం ఆ రోజే చూశాను.

నేను తల దించుకుని నిలబడ్డాను. ఆమె దగ్గరికొచ్చి, "పడవనుకున్నావా పెంచలయ్యా?" అన్నారు. అప్పుడు నవ్వు వచ్చింది ఆమెకి. నాకు ఏడుపొచ్చింది.

"నన్ను తీసేస్తారా మేడం?"

"నిన్ను తీసేస్తే రేపట్నుంచి ఇంకెవరైనా నాకు నిజం చెబుతారా?"

కంపెనీ ఎట్లా ఎంచుకోవాలని అడుగుతారు కదా. ఇట్లాంటి మాట అనగలిగే మనిషి ఎక్కడుంటే అక్కడ పెట్టండి బండి. అలాంటి వాళ్లు తక్కువ. దొరికేదాకా వెతకండి. బోర్డు ఎంత పెద్దదో చూసి మోసపోకండి. ఇక, తప్పు నాది కాబట్టి ఇదీ చెప్పాలి. నిజం చెప్పినందుకు నేనేం గొప్పవాణ్ణి కాను. ఆ ఫోను రాకపోతే బోల్టు కొట్టేసేవాణ్ణేమో.

మరుసటి రోజు, ఆ పై రోజు

మరుసటి రోజు వేరే ఊరి నుంచి తెప్పించిన ట్రైలర్ మీద లోడు ఎక్కించారు. మేడం నా చేతికి ఎర్ర జెండా ఇచ్చి, "మీ ఊళ్లో జనాన్ని నువ్వయితేనే పక్కకి జరపగలవు" అన్నారు. బండి తోలాల్సిన దారిలో బండి ముందు నడిచాను. సిగ్గుగానే ఉంది. మలుపు దగ్గర ఊరంతా ఉంది. ఒక పక్క మా ఇంటామె, పిన్నమ్మ, చంకల్లో పిల్లలతో ఆడవాళ్లు. "జరగండి, జరగండి" అని అరుస్తూనే ఉన్నాను, ఎవరు వింటారు? పిన్నమ్మ నన్ను దాటుకుని పోయి, కదిలే ట్రైలర్‌కి పసుపు రాసి దండం పెట్టింది. ట్రాన్స్‌ఫార్మర్ మా ఇళ్ల కంటే ఎత్తుగా, చప్పుడు లేకుండా మా మధ్యలోంచి పోయింది.

"నీ బండి ఏదిరా?" అని పిన్నమ్మ అడిగింది.

"రిపేరుకి పోయుండాది పిన్నమ్మా" అన్నాను.

ఆ పై రోజు నెల్లూరులో ఆచారి గారి షెడ్డులో ఎడమ దూలం కోశారు. లోపల ఇనుము అట్టలు అట్టలుగా లేచింది. చేత్తో లాగితే వస్తోంది. ఆచారి గారు లోపల బల్బు పెట్టి, పైన నేను ఏటేటా వేసిన నల్ల పెయింటును చాకుతో గీకారు. గీకిన చోటల్లా వెలుగు. సూది మొనంత చుక్కలు, దూలం పొడుగునా. ఏళ్లుగా నా బరువులన్నీ మోసింది ఈ చుక్కల మధ్య మిగిలిన ఇనుమా అని నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. కొంత మేర అయితే ఇనుమే లేదు, నా పెయింటు మాత్రమే ఉంది.

మధ్యాహ్నం కోటమ్మ అన్నం గిన్నెలు తెచ్చింది. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చింది. గిన్నెలు కింద పెట్టి ఆ వెలుగు చుక్కల్ని చూసింది. దగ్గరికి పోయి, ఒక చుక్క మీద వేలు పెట్టి మూసింది. తీసింది.

"నిన్న మేము నిలబడింది బండికి ఏ పక్క?" అని అడిగింది.

"ఎడమ పక్క" అన్నాను.

"ఇది?"

"ఎడమదే."

ఆమె చేతులు కడుక్కుని వచ్చి, ఆకు పరిచి, మొదటి ముద్ద ఆచారి గారికి పెట్టింది.